సరుకు రవాణా రంగం – విధానాలు, శిక్షణ, మన యువత



మంగళగిరి మీదుగా పోయే జాతీయ రహదారి మనందరికీ తెలిసినదే. రాత్రనక పగలనక దాని మీద లారీలు పోతూనే ఉంటాయి. మన వసతిగృహంలో చదివిన, చదువుతున్న పిల్లల ఇళ్లలో ఈ లారీలతో సంబంధం లేని ఇల్లు తక్కువ. ఒకరి నాన్న డ్రైవరు, ఒకరి అన్న క్లీనరు, ఒకరి మేనమామ గోదాములో హమాలీ, మరొకరి బాబాయి ఆటోనగర్‌లో మెకానిక్. అయినా మన పాఠ్యపుస్తకాల్లో "రవాణా సౌకర్యాలు" అనే పాఠం తెరిస్తే రోడ్ల పొడవు, రైలు మార్గాల పొడవు కనిపిస్తాయి గాని, ఆ రోడ్ల మీద బతికే మనుషుల సంగతి కనిపించదు.

పదో తరగతి తప్పిన కుర్రాడితో "లారీ మీద క్లీనరుగా పోరా" అనడం మన ఊళ్లలో మామూలు మాట. అంటే ఈ రంగం చదువు మానేసినవాళ్లదని మనవాళ్ల అభిప్రాయం. ఇది సరైనది కాదు. గత 15, 20 ఏళ్లలో ప్రభుత్వాలు రోడ్లను, పన్నులను, పర్మిట్లను, కాగితాలను చాలావరకు మార్చాయి. దానితో ఈ రంగంలో చదువుకున్నవారి అవసరం పెరిగింది. కాని మనిషిని తయారుచేసే పని, అంటే శిక్షణ, ఆ వేగంతో సాగలేదు. ఆ లోటు ఎక్కడుందో, దాన్ని మనం ఎలా పూడ్చుకోవచ్చో తెలియజెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బెజవాడ రవాణా కేంద్రం ఎలా అయింది?

ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని సామెత. బెజవాడలో ఓడల పని నిజంగానే బండ్లకు వచ్చింది. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయిన తర్వాత కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవలనూ నడిపించాయి. ఇక్కడినుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు వరకు, ఏలూరు కాలువ మీదుగా గోదావరి వైపుకు సరుకు పడవల్లో సాగేది. 1893లో కృష్ణానదిపై రైలు వంతెన వచ్చింది. పడవల్లోని సరుకు క్రమంగా రైలెక్కింది. స్వాతంత్ర్యం తర్వాత రోడ్లు పెరిగేకొద్దీ అందులో పెద్ద భాగం లారీ ఎక్కింది. ఈ కాలువలను మళ్లీ సరుకు రవాణాకు వాడాలనే ఉద్దేశంతో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకున్న కాలువలను, కృష్ణా, గోదావరి నదుల్లోని కొంత భాగాన్ని కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

నేడు మూడు ముఖ్యమైన జాతీయ రహదారులు విజయవాడ పరిసరాల్లో కలుస్తాయి. కోల్‌కతా – చెన్నై రహదారి ఒకటి. ఇది పాత 5వ నెంబరు, ఇప్పుడు 16. పుణే నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం పోయే రహదారి రెండవది. ఇది పాత 9, ఇప్పుడు 65. ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 30వ నెంబరు రహదారి మూడవది. వీటికి తోడు ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే పెద్ద రైల్వే జంక్షను ఉంది. 2021 కేంద్ర బడ్జెట్‌లో ప్రతిపాదించిన సరుకు రైళ్ల ప్రత్యేక మార్గాలలో ఖరగ్‌పూర్ – విజయవాడ మార్గం ఒకటి, ఇటార్సీ – విజయవాడ మార్గం మరొకటి. రెండూ ఇక్కడికే చేరడం గమనించదగ్గ విషయం.

రోడ్లు కలిసినంత మాత్రాన ఊరు రవాణా కేంద్రం కాదు. లారీ చెడిపోతే బాగుచేసేవాళ్లు, బాడీ కట్టేవాళ్లు, టైర్లు, స్ప్రింగు కట్టలు అమ్మేవాళ్లు, కిరాయి మాట్లాడేవాళ్లు, సరుకు దించుకునేవాళ్లు అందరూ దగ్గరలో ఉండాలి. విజయవాడలో 1960లలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఆ కొరత తీర్చింది. ఛాసిస్‌గా వచ్చిన బండి అక్కడ లారీ అయి బయటికి వస్తుంది. వన్‌టౌన్‌లో కిక్కిరిసిన హోల్‌సేల్ వ్యాపారంలో చాలా భాగం తర్వాతి కాలంలో గొల్లపూడి కాంప్లెక్సుకు చేరింది. లారీ యజమానులు సంఘంగా ఏర్పడ్డారు. మన చుట్టూ ఉన్న సరుకు కూడా తక్కువది కాదు. గుంటూరు మిర్చి, డెల్టా బియ్యం, నూజివీడు మామిడి, జగ్గయ్యపేట, దాచేపల్లి వైపు సిమెంటు, ఐసులో పెట్టి హౌరా వరకు పంపే కైకలూరు చేపలు అన్నీ ఈ దారులే ఎక్కుతాయి. మన మంగళగిరి మండలంలోని కాజ దగ్గర నుంచి చిన అవుటపల్లి వరకు, కృష్ణానదిపై కొత్త వంతెనతో సహా చేపట్టిన పడమటి బైపాస్ ఉద్దేశం కూడా ఇదే. దూరప్రయాణపు లారీ విజయవాడ నగరంలోకి రాకుండానే నది దాటాలి.

ఒక మిర్చి టిక్కీ ప్రయాణం

ఈ రంగంలో ఎన్ని రకాల పనులున్నాయో తెలియాలంటే ఒక్క లోడు వెంట వెళ్లి చూస్తే చాలు. గుంటూరు యార్డులో కొన్న మిర్చి కోల్‌కతా చేరాలనుకుందాం.

వ్యాపారి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోను చేస్తాడు. ఆఫీసువాళ్లు తమ లారీ లేకపోతే బ్రోకరు ద్వారా ఒక లారీని మాట్లాడతారు. కిరాయి కుదురుతుంది. కొంత అడ్వాన్సు ఇస్తారు, మిగిలినది సరుకు దిగిన తర్వాత. హమాలీలు టిక్కీలు లెక్కపెట్టి ఎత్తుతారు. మిర్చి తేలిక సరుకు. బరువు పరిమితి రాకముందే లారీ నిండిపోతుంది. కాబట్టి పేర్చడంలో నేర్పు ఉండాలి. పేర్చడం సరిగా లేకపోతే మలుపులో లోడు ఒరుగుతుంది. పైన పట్టా కప్పి తాళ్లు బిగిస్తారు. తర్వాత కాటా వేయిస్తారు.

ఇక కాగితాలు. వ్యాపారి ఇన్వాయిసు ఇస్తాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఎల్.ఆర్. రాస్తుంది. సరుకు ఎవరిది, ఎవరికి చేరాలి, ఎన్ని టిక్కీలు, బరువెంత, కిరాయి ముందే చెల్లించారా, చేరినచోట చెల్లిస్తారా అన్నవి అందులో ఉంటాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. 2021 జనవరి 1 నుంచి దీని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. గుంటూరు నుంచి కోల్‌కతా సుమారు 1,250 కిలోమీటర్లు కాబట్టి 7 రోజుల గడువు వస్తుంది. దారిలో లారీ పాడై సరుకు మరో లారీకి మారిస్తే కొత్త లారీ నెంబరును బిల్లులో చేర్చాలి. గడువు దాటేలా ఉంటే పొడిగించుకోవాలి. మరచిపోతే బండి ఆగిపోతుంది, జరిమానా పడుతుంది. సరుకు ఆలస్యమైతే వ్యాపారి మార్కెట్టు ధర పోగొట్టుకుంటాడు.

సరుకు తడిసినా, తక్కువ వచ్చినా ఎవరు బాధ్యులు? 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం దీన్ని నిర్ణయిస్తుంది. ఈ చట్టం ప్రకారం సరుకు చేరవేసే ట్రాన్స్‌పోర్టు సంస్థ రిజిస్ట్రేషను చేయించుకోవాలి. నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లదలచుకున్నవారు సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజులలోగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి తెలియక నష్టం భరించుకునే చిన్న వ్యాపారులు, రైతులు ఉంటారు.

ఇప్పుడు లెక్కవేయండి. బ్రోకరు, గుమాస్తా, హమాలీ, కాటా మనిషి, బిల్లులు తయారుచేసే కంప్యూటరు ఆపరేటరు, డ్రైవరు, క్లీనరు, మెకానిక్, ఇన్సూరెన్సు సర్వేయరు, చివర గోదాము బాధ్యుడు. ఒక్క లోడు వెనుక ఇన్ని రకాల పనులున్నాయి. వీటిలో మన ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా మూట దగ్గర, పట్టా దగ్గర, స్టీరింగు దగ్గర కనిపిస్తారు. ఆఫీసు బల్ల దగ్గర, యజమాని కుర్చీలో తక్కువగా కనిపిస్తారు. శక్తి లేక కాదు. పెట్టుబడి, హామీ ఉండేవారు, లోపలికి తీసుకుపోయే బంధుత్వం మనకు తక్కువ. ఆ మూడూ లేనివారికి చేతిలో సర్టిఫికెట్టు, కాగితం చదివి అర్థం చేసుకునే శక్తి తప్ప వేరే ఆధారం లేదు.

విధానాలు ఏమి మార్చాయి?

2010 మే నెలకు ముందు నేషనల్ పర్మిట్ అంటే రాష్ట్రాల వారీగా డబ్బు కట్టుకునే పద్ధతి. ఆ తర్వాత ఏడాదికి ఒకే మొత్తం కట్టి దేశమంతా తిరిగే ఏర్పాటు వచ్చింది. 2017 జులై 1న జి.ఎస్.టి. అమలులోకి రావడంతో రాష్ట్ర సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. లారీలు గంటలకొద్దీ వరుసలో నిలిచే బాధ తగ్గింది. ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న గోదాము ఉంచుకోవలసిన అవసరం పోయి, పెద్ద గోదాములు నడిపే పద్ధతి పెరిగింది. అదే ఏడాది నవంబరులో ఈ రంగానికి మౌలిక సదుపాయాల హోదా ఇచ్చారు. గోదాములు, కోల్డ్ స్టోరేజీలు కట్టేవారికి దీర్ఘకాలిక రుణం దొరకడం దీనితో సులభమైంది.

2018 జులైలో లారీ మోయదగిన బరువును పెంచారు. రెండు ఇరుసుల, ఆరు చక్రాల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీ 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. మరుసటి ఏడాది మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు విధించారు. 2021 ఫిబ్రవరిలో టోల్‌గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అదే ఏడాది అక్టోబరులో గతిశక్తి ప్రణాళిక, 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటించారు. రోడ్డు, రైలు, రేవు, గోదాము ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కాక కలిపి ప్రణాళిక వేయాలన్నది వీటి సారాంశం.

దేశ ఆదాయంలో సరుకు రవాణా, నిల్వల ఖర్చు 13, 14 శాతం ఉంటుందని చాలాకాలం చెప్పుకున్నాం. అది అంచనా మాత్రమే. కేంద్ర ప్రభుత్వం 2025లో విడుదల చేసిన లెక్క ప్రకారం 2023–24లో అది సుమారు 8 శాతం. ఖర్చు తగ్గితే రైతుకు ధర పెరగడానికి, కొనేవాడికి ధర తగ్గడానికి అవకాశం ఉంటుంది. ప్రపంచ బ్యాంకు 2023లో ఇచ్చిన లాజిస్టిక్స్ సూచికలో 139 దేశాలలో మన స్థానం 38. 2018లో అది 44.

అన్నీ తీరిపోయాయని కాదు. 2014లో రాష్ట్రం విడిపోయిన తర్వాత, నేషనల్ పర్మిట్ లేని ఆంధ్ర లారీ గరికపాడు దాటి కోదాడ పోవాలన్నా పొరుగు రాష్ట్రపు పన్ను కట్టవలసి వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి తక్కువ రుసుముతో ఉమ్మడి పర్మిట్ ఇవ్వాలని లారీ యజమానులు ఏళ్ల తరబడి కోరుతూ వచ్చారు. ఒకటి, రెండు లారీలున్న చిన్న యజమానికే ఇలాంటి భారం ఎక్కువ. డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు వాయిదా పోగా అతనికి మిగిలేది తక్కువ. తిరుగు లోడు దొరకక ఖాళీగా వస్తే అదీ ఉండదు.

డ్రైవరు బతుకులో ఏమి మారింది?

రోడ్డు వెడల్పయింది, లారీ పెద్దదయింది. డ్రైవరు తయారయ్యే పద్ధతి మాత్రం దాదాపు పాతదే. కుర్రాడు క్లీనరుగా ఎక్కుతాడు. చక్రాలకు గాలి చూడటం, పట్టా కట్టడం, వంట చేయడం, వెనక్కి తీసేటప్పుడు కేక వేసి దారి చెప్పడం అతని పని. రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గురువుగారు స్టీరింగు ఇస్తే కొంచెం కొంచెం నేర్చుకుంటాడు. ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. బండి శబ్దం విని లోపం చెప్పగలిగే డ్రైవర్లు ఇలా తయారైనవాళ్లే. కాని గురువుకు తెలిసినదే శిష్యుడికి వస్తుంది. గురువుకున్న చెడు అలవాట్లు కూడా వస్తాయి. నిబంధనలు, ప్రథమ చికిత్స, బిల్లుల సంగతి, తన హక్కులు ఎవరూ చెప్పరు. నేర్చుకున్నన్నాళ్లకు ఒక కాగితం కూడా చేతికి రాదు.

పని గంటల సంగతి చూద్దాం. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఉన్నారు. ఆయన ప్రవేశపెట్టిన బిల్లుతోనే 1946లో కర్మాగారాల్లో వారపు పని 54 నుంచి 48 గంటలకు తగ్గింది. అదే సూత్రం 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోకి వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి అని ఆ చట్టం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపారు. కాగితం మీద ఇంత ఉన్నా, ట్రిప్పుకింత అని బత్తా తీసుకునే డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో రాసేవారెవరు? త్వరగా చేరితే ఇంకో ట్రిప్పు దొరుకుతుంది కాబట్టి అతడే నిద్ర తగ్గించుకుంటాడు. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో తీసేశారు. ఖర్చు తగ్గిందని యజమాని ఊపిరి పీల్చుకున్నాడు, తెల్లవారుజామున నిద్ర ఆపుకునే పని ఒక్కడి మీద పడింది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. ఇందులో అన్నీ లారీల వల్ల జరిగినవి కావు, డ్రైవరు తప్పు వల్ల జరిగినవీ కావు. అయితే నిద్రలేమి, రోడ్డు పక్కన చీకట్లో లైట్లు లేకుండా నిలిపిన బండి, పక్కకు పొడుచుకొచ్చిన లోడు, వీటితో పోయే ప్రాణాలు శిక్షణతో, విశ్రాంతితో కాపాడదగినవి. చనిపోయినవారిలో లారీవాడూ ఉంటాడని మరచిపోకూడదు.

కొన్ని మంచి మార్పులు మొదలయ్యాయి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏ.సి. ఉండాలని నిబంధన వచ్చింది. మే నెలలో మన ఎండల్లో ఇంజను వేడి పక్కన కూర్చున్నవారికి దీని విలువ తెలుస్తుంది. జాతీయ రహదారుల పక్కన డ్రైవర్లకు పడక, స్నానం, వంట వసతులతో వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. పెట్రోలు కంపెనీలు కొన్ని బంకుల వద్ద "అప్నా ఘర్" పేరుతో ఇలాంటి వసతి నడుపుతున్నాయి.

ఈ రంగంలోకి రాదలచినవారు తెలుసుకోవలసినవి

మొదట డ్రైవింగు. 18 ఏళ్లు నిండితే కారు వంటి తేలిక వాహనాల లైసెన్సు తీసుకోవచ్చు. అది తీసుకుని కనీసం ఏడాది గడిచాకే భారీ రవాణా వాహనానికి ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు. సరుకు వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. భారీ వాహనానికి గుర్తింపు పొందిన స్కూలు సర్టిఫికెట్టు అవసరం. శిక్షణ కనీసం 30 రోజులు, అందులో బండి నడపడం కనీసం 15 గంటలు ఉండాలని నిబంధన. రోజుకు పది నిమిషాలు తిప్పి సర్టిఫికెట్టు చేతిలో పెట్టే స్కూలుకు డబ్బు కట్టడం మన ప్రాణానికి మనమే ముప్పు కొనితెచ్చుకోవడం. 7,500 కిలోలలోపు మొత్తం బరువున్న సరుకు వాహనాన్ని తేలిక వాహన లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చిన్న ట్రాలీతో సొంత బతుకు మొదలుపెట్టేవారికి ఇది ఎంతో మేలు.

2019 వరకు రవాణా లైసెన్సుకు 8వ తరగతి చదువు ఉండాలనేవారు. ఆ నిబంధన ఎత్తివేశారు. కాబట్టి ఇక చదువు అక్కరలేదనుకోవద్దు. కొండపల్లి వైపు డిపోల నుంచి పెట్రోలు, గ్యాసు తీసుకుపోయే ట్యాంకర్లు మనం రోజూ చూస్తాం. అటువంటి ప్రమాదకరమైన సరుకు బండి నడిపేవారికి ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్టు కూడా కావాలి. ట్యాంకరు మీద ఉండే హెచ్చరిక పలకను చదవలేనివాడు ప్రమాదం జరిగినప్పుడు నీళ్లు పోయాలో ఇసుక పోయాలో ఎలా తెలుసుకుంటాడు? ఇక్కడ పదో తరగతి ఇంగ్లీషు ప్రాణం కాపాడుతుంది, మంచి జీతమూ ఇస్తుంది.

శిక్షణ కేంద్రాల విషయానికి వస్తే, ప్రకాశం జిల్లా దర్శిలో, తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో భారీ వాహనాల శిక్షణకు ప్రత్యేక సంస్థలు వచ్చాయి. ఆర్టీసీ కూడా కొన్నిచోట్ల డ్రైవింగు స్కూళ్లు నడుపుతోంది. ఎస్సీ కార్పొరేషను వివిధ సంవత్సరాల్లో డ్రైవింగు శిక్షణ, వాహనాలకు రాయితీ రుణాల పథకాలు అమలు చేసింది. ఏ ఏడాది ఏ పథకం ఉందో జిల్లా కార్యాలయంలో స్వయంగా అడిగి తెలుసుకోవాలి. దళారీ చెప్పిన మాట నమ్మి డబ్బు ఇవ్వకూడదు.

డ్రైవింగు కాక ఉన్న పనులు ఇంకా ఎక్కువ. గోదాములో సరుకు లెక్క, బిల్లుల తయారీ, లారీ ఎక్కడుందో కంప్యూటరులో చూసి చెప్పడం, కోల్డ్ స్టోరేజీ యంత్రాల నిర్వహణ, రేవులో కస్టమ్స్ కాగితాల పని, వీటికి ఇంటరు, డిగ్రీ చదివినవారు కావాలి. చెన్నై కేంద్రంగా పనిచేసే లాజిస్టిక్స్ నైపుణ్య మండలి ఈ పనులకు పాఠ్యాంశాలు తయారుచేసి సర్టిఫికెట్లు ఇస్తుంది. బి.బి.ఏ., బి.కాం.లో లాజిస్టిక్స్ చెప్పే కళాశాలలు వచ్చాయి. ఇంకా పైకి చదవదలచినవారికి వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది. 2018లో రైలు, రవాణా విద్యాసంస్థగా మొదలై, 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చేసినవారికి ఆటోనగర్ పక్కనే ఉంది. 2023 మే నెలలో మచిలీపట్నం ఓడరేవు పనులు మొదలయ్యాయి.

చెల్లెళ్లకు ఒక మాట. ఇది మగవాళ్ల రంగమని ఎవరైనా అంటే నమ్మవద్దు. బిల్లు రాయడానికి, గోదాము నడపడానికి, బండ్ల రాకపోకలు చూడటానికి కావలసింది శ్రద్ధ. స్టీరింగు పట్టాలన్న ఆసక్తి ఉంటే చట్టంలో ఏ అడ్డూ లేదు. అడ్డు ఉన్నది రహదారి పక్కన ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్డి, భద్రమైన పడక లేకపోవడంలో. దాన్ని సరిచేయమని అడగడం మన హక్కు.

ఏమి జరగాలి?

1. క్లీనరుగా చేసిన అనుభవానికి విలువ ఇవ్వాలి. ఏళ్ల తరబడి పనిచేసినవారిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి నైపుణ్య శిక్షణలో ఉంది. అది ఆటోనగర్‌కు, లారీ స్టాండుకు రావాలి. పని మానుకుని వారు ఎక్కడికో పోలేరు.

2. శిక్షణ కాలంలో భత్యం ఇవ్వాలి. నెల రోజులు కూలి లేకుండా ఉచిత శిక్షణ తీసుకోగల ఇళ్లు మనలో తక్కువ. ఉచితమన్న మాటతోనే పేదవాడికి అందినట్లు కాదు.

3. పని గంటలు నమోదు కావాలి. నేటి లారీల్లో జి.పి.ఎస్. ఉంటోంది. సరుకు ఎక్కడుందో చూపే పరికరం మనిషి ఎన్ని గంటలు నడిపాడో కూడా చూపగలదు.

4. సంక్షేమ వసతిగృహాల్లో 9వ తరగతి నుంచి ఏడాదికి ఒక్కసారైనా గోదాముకో, గూడ్స్ షెడ్డుకో, కోల్డ్ స్టోరేజీకో తీసుకుపోవాలి. చూడని పనిని ఎవరూ కోరుకోలేరు.

5. రుణంతోపాటు లెక్క నేర్పాలి. లారీ కొనిచ్చి, వాయిదా, ఇన్సూరెన్సు, తిరుగు లోడు లెక్క చెప్పకపోతే ఆ బండి ఫైనాన్సు వాళ్ల యార్డుకు చేరుతుంది.

6. పూర్వ విద్యార్థులలో ఈ రంగంలో ఉన్నవారు ఏడాదికి ఒక ఆదివారం వసతిగృహానికి వచ్చి పిల్లలతో మాట్లాడాలి. ఎల్.ఆర్. ఎలా ఉంటుందో, లైసెన్సు ఎలా తీసుకోవాలో చూపించాలి. లోపలికి తీసుకుపోయే బంధువు లేనివారికి మనమే బంధువులం కావాలి.

మొదటి అయిదూ ప్రభుత్వం చేయవలసినవి, వాటిని మనం అడుగుతూనే ఉండాలి. ఆరవదానికి మాత్రం ఏ జీవో అక్కరలేదు. వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇంట్లో లారీ మీద పనిచేసేవారు ఉంటే చిన్నతనంగా భావించవద్దు. మనం తినే బియ్యం, చదివే పుస్తకం, కట్టే బట్ట ఎవరో ఒకరు రాత్రి మేలుకుని తెచ్చినవే. వారు అనుభవంతో తెలుసుకున్నది అడిగి తెలుసుకోండి, మీరు చదివినది వారికి చెప్పండి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న లైసెన్సు, బండి ఇన్సూరెన్సు గడువు ఎప్పటివరకు ఉందో చదివి చెప్పండి. ఎల్.ఆర్.లో ఏమి రాసి ఉందో ఒక్కొక్క వరుస కలిసి చదవండి. ఈ రంగంలో మీ మొదటి పాఠం అదే అవుతుంది.

— ఒక పూర్వ విద్యార్థి, మంగళగిరి